రెండు వందల పదో రోజు

ఒక పెద్ద అడవిలో కూలి రేట్లు ఏడాదికొకసారి, మృగశిర కార్తె ప్రవేశించే రోజున మారేవి. మిగతా రోజుల్లో ఆ అడవిలో ఏదీ మారేది కాదు.

అడవి నడుమ ఒక చెరువు ఉండేది. దానికి మట్టికట్ట. ఆ కట్టకు సరిగ్గా దిగువన సింహంగారి గుహ. కట్ట కింద కాపురమేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు గానీ, ఎండాకాలం అక్కడ చల్లగా ఉండేదట. వానాకాలం గురించి ఆలోచించే పని ప్రభువులు పెట్టుకోరు కదా.

ఆ చెరువులో పూడిక తీసి, తట్టల్లో మోసి, కట్ట మీద పోసి తొక్కడమే అడవిలో పని. విశాఖ కార్తెలో మొదలయ్యేది, మృగశిరతో ముగిసేది. పందికొక్కులు, అడవిపందులు, కుందేళ్లు, ముళ్లపందులు, అంతా కలిసి నూట పదముగ్గురు కూలీలు. వాళ్లలో ఈదమ్మ ఒకతె.

ఈదమ్మ ముళ్లపంది. ఇద్దరు పిల్లల తల్లి. మాట నెమ్మది, పని గట్టి. కోపమొస్తే మాత్రం నోటితో ఏమీ అనదు, ఒళ్లంతా ముళ్లు లేస్తాయి, అంతే. పక్కనున్నవాళ్లు రెండడుగులు జరుగుతారు.

ఆమె పనిలో చేరిన ఏడు కూలి రోజుకొక దుంపగడ్డ. ప్రతి మృగశిరకూ ఒక గడ్డ పెరిగి ఇప్పుడు నాలుగైంది. వింటే బాగానే ఉంటుంది. గడ్డ పెరిగిన ప్రతి ఏడూ తట్ట కాస్త పెద్దదయ్యేది, గడ్డ కాస్త చిన్నదయ్యేది. ఆ ఏడు ఒక్క గడ్డతో నిండిన కడుపు ఈ ఏడు నాలుగు గడ్డలతోనూ అంతే నిండుతోంది. అయినా పెంపు ప్రకటించగానే అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. పెంచినప్పుడు కొట్టకపోతే బాగుండదు కదా.

ఈదమ్మకు కావలసింది గడ్డ కాదు. ఎండు గుహ.

కొండవాలులో ఒక పెద్ద గుహ ఉంది. ఎంత వాన కురిసినా లోపల చుక్క పడదు. దాని ముందు 'కార్మిక విశ్రాంతి గుహ' అని పెద్ద పలక కూడా ఉంది. నియమం ప్రకారం, ఏడాదిలో విడవకుండా ఇన్ని రోజులు పనిచేసిన కూలీకి, వాళ్ల ఇంటివాళ్లకు వానాకాలం మూడు నెలలూ అందులో చోటివ్వాలి. ఇబ్బందంతా ఆ 'ఇన్ని' దగ్గరే వచ్చింది.

మొదటి ఏడు పరిమితి నూట యాభై. ఈదమ్మ సరిగ్గా నూట యాభై చేసింది. మృగశిర నాడు పొద్దున్నే దాన్ని నూట ఎనభై చేశారు. రెండో ఏడు నూట ఎనభై అయిదు చేసింది. పొద్దున్నే రెండు వందలు చేశారు. మూడో ఏడు మొదట్లోనే కాన్పుకు ఏడు రోజులు పోయినా, ఆపైన విడవకుండా రెండు వందల మూడు చేసింది. పరిమితి రెండు వందల పదికి వెళ్లింది. కూలి ఎంత నిదానంగా పెరిగేదో పరిమితి అంత చురుగ్గా పెరిగేది.

ఆ మూడో వానాకాలం ఈదమ్మ కలుగులోకి నీళ్లొచ్చాయి. పిల్లలిద్దర్నీ ఒక రాతి మీదకెక్కించి, తాను పక్కన నిలబడి ఆరుద్ర కార్తె మొత్తం అలాగే గడిపింది. చిన్నదానికి అప్పుడు పట్టుకున్న దగ్గు ఎండలు ముదిరేదాకా వదల్లేదు. ఇంకొక్క వానాకాలం ఆ రాతి మీద అంటే చిన్నది మిగలదని ఈదమ్మకు తెలుసు. అందుకే ఈ ఏడు ఒక్క రోజు కూడా మానలేదు. జ్వరమొచ్చినా మానలేదు, కాలు బెణికినా మానలేదు.

హాజరు రాసేవాడు వడ్రంగి పిట్ట కొయ్యప్ప. కట్ట మీద ఒక ఎండు మద్దిచెట్టు ఉంది, అదే అతని మస్టరు. ఒక్కొక్క కూలీకి ఒక్కొక్క వరస. రోజుకొక బెజ్జం. ఎవరు తట్టెత్తినా టక్కుమని పొడిచేసేవాడు. మంచివాడో చెడ్డవాడో చెప్పలేం. గుమాస్తా, అంతే. నియమంలో ఉంటే తన తల మీదైనా బెజ్జం పొడుచుకునే రకం.

ఆ నియమాలు రాసేవాడు నక్క జంబయ్య. సభకు కార్యదర్శి. రెండేళ్ల కిందట ఒక ముసలి కుందేలు పనివాళ్లకు నీళ్లు మోసి రోజులు లెక్కపెట్టుకుంటే, ఆమె బెజ్జాలు కొట్టెయ్యడానికి జంబయ్య ఒక ముక్క చేర్చాడు. 'మట్టి మోసినవారికే బెజ్జం. చూచినవారికి, చెప్పినవారికి, పక్కన ఉన్నవారికి లేదు.' అది రాసిన రోజు తన తెలివికి తానే మురిసిపోయి తోక రెండుసార్లు ఊపుకున్నాడు.

మృగశిరకు ముందు రోజు మధ్యాహ్నం సభ కూర్చుంది. సభ జరిగే బండ వెనకాలే కాలువ. ఈదమ్మ ఆ కాలువలో పూడిక తీస్తోంది. అది ఆమెకు రెండు వందల తొమ్మిదో రోజు.

"ప్రభూ, రేపటితో నూట పదముగ్గురికీ పరిమితి నిండుతుంది" అన్నాడు జంబయ్య.

"నిండితే?" అన్నాడు సింహం.

"ఎండు గుహ ఇవ్వాలి."

"గుహ ఇస్తే మా బావమరిది ఎక్కడుంటాడయ్యా? రేపు పిల్లాజెల్లాతో దిగుతున్నాడు. ఏటా దిగేదే కదా!"

అదీ సంగతి. కార్మిక విశ్రాంతి గుహలో నాలుగేళ్లుగా విశ్రాంతి తీసుకుంటున్నది దొరగారి అత్తవారి వైపు చుట్టాలు. పక్క అడవి నుంచి మృగశిరకు దిగి, మళ్లీ ఎండ కాచేదాకా కదిలేవాళ్లు కాదు.

"పరిమితి పెంచు. ప్రతి ఏడూ పెంచుతున్నావుగా. మూడు వందలు చెయ్యి."

"పని మొదలైన రోజు నుంచి మృగశిర దాకా ఉన్నవే రెండు వందల పది రోజులు ప్రభూ. మూడు వందలంటే ఎవరికీ అందదని అందరికీ తెలిసిపోతుంది. అర్హత ఎప్పుడూ రేపో మాపో అందేటట్టు కనబడాలి. లేకపోతే తట్టెవరు మోస్తారు?"

సింహం మీసాలు దువ్వుకున్నాడు. ఇంత లోతైన మాట అతనికి కొత్త.

"మరేం చేద్దాం?"

"రేపు సెలవిద్దాం" అన్నాడు జంబయ్య.

 కాలువలో ఈదమ్మ చేతిలో మట్టి ఆగింది.

"రేపొక్క రోజు కూలీలందరికీ సెలవు. పని లేదు, బెజ్జం లేదు. విడవకుండా రెండు వందల పది అని కదా నియమం! రేపు విడుస్తుంది. మళ్లీ విశాఖ కార్తెలో ఒకటితో మొదలు. తొలగించామని అననక్కర్లేదు. విశ్రాంతి ఇచ్చామంటాం."

అక్కడే కార్మికుల ప్రతినిధి ఎలుగుబంటి భల్లూకరావు తేనెపట్టు నాకుతూ కూర్చున్నాడు. ఆయన కుర్రతనంలో ఎప్పుడో రెండు రోజులు తట్ట మోశాడు. ఆ మట్టిని భుజం మీద నుంచి నేటికీ కడుక్కోలేదు. ఉపన్యాసం చెప్పేటప్పుడు ఆ భుజాన్నే ముందుకు పెడతాడు.

"ఒప్పుకోను!" అని లేచాడు భల్లూకరావు. "కార్మికుల పొట్ట కొట్టే ఈ ప్రతిపాదన నా శవం మీద నుంచి..."

"సెలవు కోసం మీరే పోరాడి సాధించారని ప్రకటిద్దాం" అన్నాడు జంబయ్య.

భల్లూకరావు కూర్చున్నాడు. "ఒక గడ్డ కూడా పెంచండి. అప్పుడు నాకూ చెప్పుకోవడానికి బాగుంటుంది."

"పెంచుదాం. అయిదు."

"సంపూర్ణ విజయం" అని తేనె చేతులతోనే చప్పట్లు కొట్టాడు.

ఈదమ్మ ముళ్లు ఒక్కసారిగా లేచాయి. పక్కన మట్టి తీస్తున్న పందికొక్కు ఎర్రయ్య గబుక్కున వెనక్కి దూకాడు.

"ఏందక్కా, ఏమైంది?"

"రేపు సెలవంటరా."

"సెలవా! మంచిదే కదా. నేను పుట్టి బుద్ధెరిగినాక ఒక్క సెలవు లేదు."

ఈదమ్మ అంతా చెప్పింది. ఎర్రయ్యకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమైనాక తట్ట మీదే కూలబడ్డాడు.

"ఒక్క రోజుకాడనా అక్కా?"

"ఒక్క రోజుకాడ."

ఇంటికి పోయే దారిలో ఈదమ్మ ఏడ్చింది. ముళ్లపంది ఏడిస్తే ఎవరూ దగ్గరికొచ్చి ఓదార్చలేరు. పాపం, ఆ సౌకర్యం కూడా దేవుడు ఇవ్వలేదు.

మృగశిర తెల్లవారింది. కట్ట మీదికి వెళ్లే దారికి అడ్డంగా తుమ్మకంప వేసి ఉంది. కూలీలంతా ఇవతల గుమిగూడారు. అవతల సింహం, భల్లూకరావు, జంబయ్య, చెట్టు మీద కొయ్యప్ప.

జంబయ్య గొంతు సవరించుకున్నాడు. "ప్రభువుల దయవల్ల నేటి నుంచి కూలి నాలుగు గడ్డల నుంచి అయిదు గడ్డలకు పెంచడమైనది!"

చప్పట్లు. అలవాటు కొద్దీ ఎర్రయ్య కూడా కొట్టాడు. ఈదమ్మ చూసేసరికి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"అంతేకాక, మన ప్రియతమ ప్రతినిధి భల్లూకరావుగారి అలుపెరగని పోరాటం ఫలితంగా, నేడు కార్మికులందరికీ సెలవు!"

భల్లూకరావు మట్టిభుజం ముందుకు పెట్టి నమస్కారం పెట్టాడు. ఈసారి చప్పట్లు రాలేదు.

ఈదమ్మ తట్ట చంకనపెట్టుకుని కంప దగ్గరికి వచ్చింది.

"జంబయ్యగారూ, నాకు సెలవొద్దయ్యా. ఇయ్యాల నేనొక్క తట్ట మోస్తా. కూలి కూడా ఇయ్యమాకండి."

"మోయకూడదు."

"మోస్తే ఏమైద్ది?"

"మోస్తే నీకు రెండు వందల పది నిండి, గుహకు అర్హురాలివవుతావు."

"మరి నేను చేసేది దానికే కదయ్యా!"

"అందుకే మోయకూడదంటున్నాను. పని ఉన్న రోజు చెయ్యకపోవడం ఎంత తప్పో, పని లేని రోజు చెయ్యడం అంత తప్పు. చదువుకోనివాళ్లకు చెప్పినా అర్థం కాదు."

ఈదమ్మ చెట్టు వైపు చూసింది. "కొయ్యప్పా, నువ్వైనా చెప్పు. రెండు వందల తొమ్మిది బెజ్జాలు నీ ముక్కుతో నువ్వే పొడిచినవి కదా."

కొయ్యప్ప తల పక్కకు తిప్పి మస్టరు చూసుకున్నాడు. "రెండు వందల తొమ్మిది. నిజమే. ఈదమ్మా, కంప దాటి ఇటొచ్చి తట్టెత్తితే నేను పొడవాలి. అటే ఉండి ఎత్తితే పొడవకూడదు. నియమం."

నాలుగేళ్ల కష్టం ఒక తుమ్మకంప దగ్గర ఆగిపోయింది. ఆ కంప దాటితే జంబయ్య తొలగింపు ఉత్తర్వు రాస్తాడు.  ఈదమ్మ వెనక్కి వచ్చి పిల్లలున్న చెట్టు కింద కూర్చుంది. తక్కిన నూట పన్నెండుమందీ వచ్చి చుట్టూ కూర్చున్నారు, ముళ్లకు కాస్త ఎడంగా.

పొద్దు నెత్తికెక్కేసరికి బావమరిది దిగాడు. పెళ్లాం, పిల్లలు, వాళ్ల మూటలు. కూలీల ముందు నుంచే నడిచి విశ్రాంతి గుహలోకి పోయారు. పలక కింద జూలు దులుపుకుని, "ఈ ఏడు లోపల ఊడ్చినట్టు లేరే" అన్నాడు బావమరిది.

అప్పుడే నైరుతి వైపు నుంచి మబ్బు లేచింది.

ఆ ఏడు మృగశిర అన్న మాట నిలబెట్టుకుంది. చినుకులూ తుంపరా అనే మర్యాదలేం లేవు, ఒకేసారి కుండపోత. కొండ మీది వాగులన్నీ చెరువులోకి దూకాయి. ఎండాకాలమంతా బీటలు వారిన కట్ట నీళ్లు తాగి ఉబ్బింది. కట్ట పాదం దగ్గర, సరిగ్గా సింహంగారి గుమ్మం ఎదుట, పిడికిలంత బుంగ పడి బుడబుడమంటూ నీళ్లు రావడం మొదలుపెట్టాయి.

మామూలుగా అయితే ఇది పెద్ద విషయం కాదు. తొలివానకు బుంగలు పడతాయి, కూలీలు కట్ట మీదే ఉంటారు, పూడ్చేస్తారు. వాన మొదలయ్యే రోజున కట్ట మీద ఒక్కడు కూడా లేకుండా చూసుకోవాలన్న ఆలోచన అంతకుముందు ఎవరికీ రాలేదు. జంబయ్యకు వచ్చింది.

గుహలోంచి దొరసాని కేక వినబడింది. "ఏమండీ! పడక తేలుతోందండీ!"

సింహం బయటికి ఉరికాడు. మోకాళ్ల దాకా నీళ్లు. "జంబయ్యా! కూలీలెక్కడ?"

"సెలవులో ఉన్నారు ప్రభూ."

"పిలువు!"

జంబయ్య తోక నెత్తిన పెట్టుకుని వానలో పరుగెత్తాడు. చెట్టు కింద కూలీలు కూర్చునే ఉన్నారు.

"లేవండి, లేవండి! కట్టకు బుంగ పడింది! తట్టలు తీసుకుని రండి!"

"ఇయ్యాల సెలవు కదయ్యా" అంది ఈదమ్మ. "పని లేని రోజు చేస్తే తప్పంటిరి."

"సెలవు రద్దు."

"అట్టయితే మాకు రెండు వందల పది నిండినట్టే కదా?"

 జంబయ్య కొండవాలులో విశ్రాంతి గుహ వైపు చూశాడు. బావమరిది పిల్లలు లోపల కేరింతలు కొడుతున్నారు.

"అలా కుదరదు" అన్నాడు. అంతలో అతనికి ఒక దారి తోచింది. "శ్రమదానం! సెలవు సెలవే. పని మాత్రం మీరంతట మీరే మనసారా చేస్తారు. అడవి మీద ప్రేమతో. బెజ్జం ఉండదు."

కూలీలు ఈదమ్మ వైపు చూశారు. వాన చప్పుడులో చిన్నదాని దగ్గు వినబడింది. మళ్లీ మొదలైంది. ఆ దగ్గుతో ఈదమ్మకు ఉన్న భయం కాస్తా పోయింది.

"దానం చేసే అంతటోళ్లమా అయ్యా మేము?" అంది. "అయిదు గడ్డలు తినేటోళ్లం. దానధర్మాలు పెద్దోళ్లు చెయ్యాల. మేం చూసి నేర్చుకుంటాం."

ఎర్రయ్య పకపకా నవ్వాడు. ఆ నవ్వు నూట పదముగ్గురికీ పాకింది. జంబయ్య తోక దించుకుని వెనక్కి పోయాడు.

అలా ఆ అడవి చరిత్రలో మొదటిసారి సభ మొత్తం చెరువుకట్ట మీదికెక్కింది.

సింహం తట్ట పట్టుకున్నాడు. ఎలా పట్టుకోవాలో తెలియక బోర్లా పట్టుకున్నాడు. భల్లూకరావుకు రెండు రోజుల అనుభవం ఉంది కనుక దాన్ని తిప్పి పెట్టాడు. జంబయ్య ఒక రాయెక్కి, "అటు పొయ్యండి! ఇటు తొక్కండి! అక్కడ కాదు, ఇక్కడ!" అని కేకలు వేశాడు. పర్యవేక్షణ అతని వంతు.

మట్టి ఎక్కడ తియ్యాలో వాళ్లకెవరికీ తెలియదు. దగ్గర్లో ఉంది కదాని కట్ట పైనుంచే తవ్వి కింద బుంగలో కుక్కారు. నీళ్లు బయటికొచ్చే వైపు నుంచి ఎంత కుక్కితే మాత్రం ఆగుతాయా? వేసిన మట్టి వేసినట్టే కొట్టుకుపోయింది. పిడికిలంత బుంగ గుమ్మడికాయంత అయింది. పైన తవ్విన చోట కట్ట పలచబడింది. చెట్టు కింద నుంచి చూస్తున్న పనివాళ్లకు నవ్వు ఆగిపోయి కంగారు పుట్టింది. తమ చేతిపని పాడవుతుంటే ఎవరికైనా చేతులు దురదపెడతాయి. ఎర్రయ్య రెండుసార్లు లేచి మళ్లీ కూర్చున్నాడు.

కట్ట మీది మద్దిచెట్టుపై కొయ్యప్ప మాత్రం తన పనిలో ఉన్నాడు. సింహం మొదటి తట్ట ఎత్తగానే టక్కు. కొత్త వరస. భల్లూకరావు ఎత్తగానే టక్కు. ఇంకో కొత్త వరస.

"ఏమిట్రా ఆ చప్పుడు?" అని గర్జించాడు సింహం.

"ప్రభువులకు మొదటి రోజు" అన్నాడు కొయ్యప్ప వినయంగా. "ఇంకా రెండు వందల తొమ్మిది చెయ్యాలి."

సరిగ్గా ఆ సమయానికే బావమరిది వాన చూద్దామని కట్ట దగ్గరికొచ్చాడు. నెత్తిన తట్ట, జూలు నిండా బురద, తలవంచుకుని నడుస్తున్న బావగారు ఎదురయ్యారు. బావమరిది కాసేపు పోల్చుకోలేదు. పోల్చుకున్నాక చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

"బావా! నువ్వా! కూలికి పోతున్నావా?"

"కూలి కాదురా, శ్రమదానం..."

"రోజుకెంతిస్తున్నారు?"

"అయిదు గడ్డలు" అన్నాడు కొయ్యప్ప పైనుంచి. "నేటి నుంచే పెరిగింది."

"అయిదు గడ్డలకు తట్ట మోసేవాడికా మా అక్కనిచ్చింది! మా నాన్న బతికుంటే ఏమనుకునేవాడు!" అని బావమరిది గిరుక్కున తిరిగాడు. పెళ్లాం పిల్లల్ని లేపి, మూటలు కట్టించి, వానలోనే తన అడవి దారి పట్టాడు. సింహం తట్ట నెత్తినుండగానే రెండడుగులు వెంటపడ్డాడు గానీ, జారి కూర్చున్నాడు.

కట్టలోంచి ఒక పెళ్ల విరిగి పడింది. నీళ్లు గుహ కప్పు దాకా వచ్చాయి. దొరసాని బయటికొచ్చి ఒక రాతి మీద నిలబడింది.

సింహం బురదలోంచి లేవకుండానే అరిచాడు. "ఇస్తానే! రెండు వందల పది ఇస్తాను! గుహ ఇస్తాను! రండర్రా!"

ఈదమ్మ లేచింది. కంప దాకా వచ్చి ఆగింది.

"ముందు బెజ్జం" అంది.

"పని చేశాక కదా బెజ్జం! నియమం ప్రకారం..." అని జంబయ్య అడ్డం రాబోయాడు.

"నోర్ముయ్" అన్నాడు సింహం.

"ఒక్క తట్ట ఎత్తితే చాలు ఈదమ్మా" అన్నాడు కొయ్యప్ప. ఆ మాటలో ఎన్నడూ లేని తొందర ఉంది. "నేను సిద్ధంగానే ఉన్నా."

జంబయ్య చేతులతోనే తుమ్మకంప తీయించారు. ముళ్లు గుచ్చుకుని అతను కుయ్యోమన్నాడు. ఈదమ్మ లోపలికొచ్చి ఒక్క తట్ట ఎత్తింది. చెట్టు మీద టక్కుమంది. రెండు వందల పది. ఆ చప్పుడు వినడానికి నాలుగేళ్లు పట్టింది. ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుని, తెరిచి, "పదండిరా" అంది.

తరువాత టకటకటకమని నూట పన్నెండు బెజ్జాలు పడ్డాయి.

పనివాళ్లు ముందు చేసింది, కట్ట పైన తవ్వుతున్న భల్లూకరావుని పక్కకు లాగెయ్యడం. పందికొక్కులు నీళ్లలో మునిగి, చెరువు లోపలి వైపు బుంగ ఎక్కడ మొదలైందో వెతికి పట్టుకున్నాయి. అడవిపందులు బండరాయి దొర్లించి దానికి అడ్డంపెట్టాయి. ఈదమ్మ అడుగునున్న జిగట బంకమన్ను తీయించి, గడ్డి కలిపి తొక్కించి, లోపలి నుంచి కూరింది. కుందేళ్లు పై నుంచి మట్టి తొక్కాయి. జాము తిరిగేసరికి బుంగ మూసుకుంది. బుంగ పడినప్పుడే కూలీలు కట్ట మీద ఉండి ఉంటే అరగంట పని.

అప్పటికి సింహంగారి గుహ నిండా నీళ్లే. అవి ఎండాలంటే చిత్త కార్తె దాటాలి.

కూలీలు పిల్లల్ని వెంటపెట్టుకుని విశ్రాంతి గుహకు వెళ్లారు. లోపల వెచ్చగా ఉంది, పొడిగా ఉంది. చిన్నది తల్లి పక్కన కూర్చుని మూడుసార్లు దగ్గి, నాలుగోసారి దగ్గబోయి నిద్రపోయింది. ఈదమ్మకు మనసు కుదుటపడింది.

కాసేపటికి గుమ్మం దగ్గర అలికిడైంది. సింహం, దొరసాని, వెనకాల భల్లూకరావు, ఆ వెనక జంబయ్య. అందరూ తడిసి ముద్దై ఉన్నారు. భల్లూకరావు భుజం మీద పాత మట్టి కూడా కరిగిపోయింది.

గుమ్మం పైన కొయ్యప్ప వాలి ఉన్నాడు. "ఎన్ని రోజులు?" అని అడిగాడు అలవాటుగా.

"ఒరే, నేను సింహాన్ని."

"అది మస్టరులో లేదు ప్రభూ. మీకు ఒక రోజు ఉంది. పరిమితి రెండు వందల పది."

సింహం గర్జిద్దామనుకున్నాడు గానీ తుమ్మొచ్చింది. వాన అతని వీపు మీద పడుతూనే ఉంది. లోపల నూట పదముగ్గురు వెచ్చగా కూర్చుని చూస్తున్నారు. పరిమితికి అవతల నిలబడడం అతని జీవితంలో అదే మొదటిసారి. అక్కడ నుంచి చూస్తే రెండు వందల పది చాలా పెద్ద అంకెగా కనిపించింది.

"ఇంత పరిమితి ఎందుకు పెట్టాం జంబయ్యా?" అన్నాడు. "అన్యాయంగా లేదూ?"

"తమరే కదా ప్రభూ..."

"నాకెన్ని రోజులన్నావు కొయ్యప్పా?"

"ఒకటి."

"అయితే పరిమితి ఒకటి. ఇప్పటి నుంచే అమలు."

"చారిత్రక విజయం! నేను ఎప్పటి నుంచో పోరాడుతున్నది దీనికే!" అని భల్లూకరావు బలపరిచాడు. అతనికీ ఒక రోజు ఉంది.

ఈదమ్మకు ఒళ్లు మండింది. తనకు నాలుగేళ్లు పట్టింది, ఆయనకు ఒక్క పూట. కానీ వచ్చే ఏడు పనిలో చేరే ఏ తల్లీ రాతి మీద నిలబడనక్కర్లేదని తట్టేసరికి ముళ్లు దించి కాస్త జరిగింది. సింహం దొరసానితో సహా లోపలికి వచ్చి ఆమె పక్కన, ముళ్లకు జానెడు దూరంలో, ఒద్దికగా పడుకున్నాడు.

చివరన జంబయ్య అడుగు లోపల పెట్టాడు.

"జంబయ్యగారికి సున్న" అన్నాడు కొయ్యప్ప.

"సున్నేమిటి! పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాను కదా! అంతా నేనే చూశాను, అందరికీ నేనే చెప్పాను!"

"చూచినవారికి, చెప్పినవారికి, పక్కన ఉన్నవారికి లేదు" అని అప్పగించాడు కొయ్యప్ప. "రాసింది తమరే."

"ఒక్క తట్ట. ఇప్పుడే మోస్తాను."

"పని మృగశిరతో ముగిసింది. విశాఖ కార్తెలో రండి."

జంబయ్య గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. సింహం కళ్లు మూసుకున్నాడు. భల్లూకరావు అప్పటికే గురక పెడుతున్నాడు. అందరికంటే ముందు మాట్లాడింది ఈదమ్మే.

"మా కలుగు ఖాళీగానే ఉంది జంబయ్యగారూ" అంది. "కాస్త నీళ్లుంటయ్యి, అంతే. పక్కనే రాయుంది. నిలబడొచ్చు."

నీతి: నియమాలు రాసేవాడు ఎందుకైనా మంచిది, ఒక్క తట్ట మట్టి మోసి ఉంచుకోవాలి.